జడ్జి సంతకం పక్కన ఇంకో సంతకం: స్ట్రాస్‌బర్గ్ కోర్టును లోపల నడిపేదెవరు?

ఈ రోజు మీ చేత ఫోన్‌లో ఒక చిన్న పని చేయిస్తాను. హుడాక్ అని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు డేటాబేస్ ఒకటుంది. డబ్బులు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. అందులో తీర్పు ఏదైనా ఒకటి తెరవండి. యాభై పేజీలుందా, వందుందా అని భయపడకండి, చదవమనట్లేదు. తీర్పు ముగిసే చోటికి వెళ్లిపోండి చాలు.

అక్కడ రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి ప్రెసిడెంట్‌ది, అంటే ఆ బెంచ్‌కి పెద్ద జడ్జిది. రెండోది రిజిస్ట్రార్‌ది. ఈ రెండో మనిషి జడ్జి కాదు. ఆ కేసులో ఓటు వేయలేదు. వేసే హక్కే లేదు. కానీ ఆ సంతకం లేకుండా తీర్పు బయటికి రాదు. జడ్జీలు తలుపులు మూసుకుని చర్చించుకునే గదిలో కూడా ఆ మనిషి ఉంటారు.

ఎవరీ మనిషి? ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందు కోర్టు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా, ఎందుకంటే ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఇది యూరోపియన్ యూనియన్ కోర్టు కాదు. యూనియన్ కోర్టు లక్సెంబర్గ్‌లో ఉంది. మనం మాట్లాడుకుంటున్నది ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఊళ్లో ఉంది, కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థకి చెందింది. దాంట్లో ఇప్పుడు 46 దేశాలు. టర్కీ ఉంది, యుక్రెయిన్ ఉంది, బ్రెగ్జిట్ తర్వాత కూడా బ్రిటన్ ఉంది. రష్యాని మాత్రం 2022 మార్చిలో బయటికి పంపారు. 1950లో రోమ్‌లో సంతకాలు చేసిన మానవ హక్కుల ఒప్పందం ఒకటుంది. దాన్ని ఏ దేశమైనా ఉల్లంఘిస్తే ఆ దేశం మీద మామూలు మనిషి నేరుగా వెళ్లి కేసు వేయొచ్చు. కోర్టు 1959లో మొదలైంది, 1998 నుంచి ఫుల్‌టైమ్ కోర్టుగా పనిచేస్తోంది. దేశానికి ఒక జడ్జి చొప్పున 46 మంది, తొమ్మిదేళ్లు, ఒక్కసారే. అంతే.

"సరే అన్నా, మనకేంటి?" అంటారా? ఆ ఒప్పందంలో మొదటి ఆర్టికల్ చూడండి. హక్కులు "పౌరులకి" అని లేదు, ఆ దేశ పరిధిలో ఉన్న "ప్రతి ఒక్కరికీ" అని ఉంది. జర్మనీలో ఎంఎస్ చేస్తున్న కరీంనగర్ కుర్రాడికీ, ఐర్లాండ్‌లో నర్సుగా చేస్తున్న గుంటూరు అమ్మాయికీ అది వర్తిస్తుంది. ఇది ఊరికే చెప్పడం కాదు. కరమ్‌జిత్ సింగ్ చాహల్ అని ఒక సిక్కు వ్యక్తి బ్రిటన్‌లో ఉండేవారు, భారత పౌరుడు. జాతీయ భద్రతకి ముప్పు అని ఆయన్ని ఇండియాకి తిప్పి పంపేయాలని 1990లో నిర్బంధించారు. ఆరేళ్లకి పైగా లోపలే ఉంచారు. 1996 నవంబర్ 15న స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఒక మాట తేల్చింది: తిప్పి పంపితే చిత్రహింసల ప్రమాదం ఉందంటే, ఆ మనిషి ఎంత ప్రమాదకరమని ప్రభుత్వం చెప్పినా పంపడానికి వీల్లేదు. 12 మంది ఒకవైపు, ఏడుగురు ఒకవైపు. ఆ తీర్పు దెబ్బకి బ్రిటన్ మరుసటి ఏడాదే అలాంటి కేసుల కోసం ప్రత్యేకంగా ఒక అప్పీలు కమిషన్‌కి చట్టం చేసుకుంది. పిటిషన్ వేసింది ఒక భారతీయుడు, మారింది బ్రిటన్ చట్టం.

సరే, ఇప్పుడు అసలు విషయం.

రిజిస్ట్రార్ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? పొలం రిజిస్ట్రేషన్ చేసే సబ్-రిజిస్ట్రార్, లేదంటే యూనివర్సిటీలో సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే ఆయన. మన హైకోర్టుల్లో కూడా రిజిస్ట్రార్ జనరల్ ఉంటారు, వాళ్లు మామూలుగా జిల్లా జడ్జి క్యాడర్ నుంచి వస్తారు. అంటే మన దగ్గర అది జడ్జి కొన్నాళ్లు చేసే పరిపాలన పని. స్ట్రాస్‌బర్గ్‌లో అలా కాదు. అక్కడ రిజిస్ట్రార్‌ని 46 మంది జడ్జీలు కూర్చుని రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. ఐదేళ్ల పదవి, మళ్లీ ఎన్నుకోవచ్చు. తీసేయాలంటే? ప్రభుత్వాల వల్ల కాదు. జడ్జీల్లో మూడింట రెండొంతుల మంది కలిసి "ఈ మనిషికి ఈ పదవికి కావాల్సిన అర్హతలు ఇక లేవు" అని తేల్చాలి. ఎందుకింత గట్టి కట్టుదిట్టం? ఏ ప్రభుత్వానికో నచ్చని పని చేశారని ఆ కుర్చీ లాగేయకూడదు కాబట్టి.

కోర్టు నియమాల్లో ఈ పోస్టుకి ఏం అర్హతలు రాశారో తెలుసా? మంచి నడవడిక ఎలాగూ ఉండాలి. ఆ తర్వాత న్యాయ పరిజ్ఞానం, నిర్వహణ అనుభవం, భాషలు. నాకైతే ఈ మూడూ పక్కపక్కన ఉండటం చాలా నచ్చింది. ఎందుకంటే గొప్ప లాయర్ అయినంత మాత్రాన ఆరొందల మందికి పైగా పనిచేసే ఆఫీసుని నడపలేరు. గొప్ప మేనేజర్ అయినంత మాత్రాన "ఈ కేసులో ఆర్టికల్ మూడు వర్తిస్తుందా" అన్నదాని మీద జడ్జికి సలహా ఇవ్వలేరు. ఇక్కడ రెండూ ఒకే మనిషి చేయాలి, అదీ ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండింటిలో.

2020లో మరియలెనా త్సిర్లి అనే గ్రీకు మహిళని ఎన్నుకున్నారు. కోర్టు చరిత్రలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆమే. ఆమె బయటినుంచి ఊడిపడలేదు. అదే రిజిస్ట్రీలో ఏళ్ల తరబడి పనిచేసి, సెక్షన్ రిజిస్ట్రార్‌గా చేసి పైకి వచ్చారు. అంతకుముందు పాల్ మహోనీ అని ఇంకొకాయన ఉన్నారు, ఆయన కథ ఇంకా చిత్రం. 2001 నుంచి 2005 దాకా రిజిస్ట్రార్, ఆ తర్వాత 2012లో బ్రిటన్ తరఫున అదే కోర్టుకి జడ్జిగా వెళ్లారు. పక్కన కూర్చుని సంతకం పెట్టిన మనిషే తర్వాత ఓటు వేసే కుర్చీలోకి వెళ్లారన్నమాట.

ఇప్పుడు ఒక కవరు వెంట నడుద్దాం. టర్కీలోనో రొమేనియాలోనో ఒకాయన తన దేశంలో అన్ని కోర్టులూ తిరిగి ఓడిపోయారు. చివరి తీర్పు వచ్చిన రోజు నుంచి నాలుగు నెలల్లోపు స్ట్రాస్‌బర్గ్‌కి దరఖాస్తు పోస్టులో పంపాలి. ఫీజు లేదు, మొదట్లో లాయర్ కూడా అక్కర్లేదు, సొంత భాషలోనే రాసుకోవచ్చు. వినడానికి ఎంత బాగుంది! కానీ 2014 నుంచి ఒక నియమం చాలా కఠినంగా అమలు చేస్తున్నారు. ఫారంలో ఒక్క గడి సరిగ్గా నింపకపోయినా, ఒక్క కాగితం జత చేయకపోయినా దరఖాస్తుని నమోదే చేయరు. నాలుగు నెలల గడియారం మాత్రం ఆగదు. ఆధార్ అప్‌డేట్ కోసం మీసేవలో "ఈ జిరాక్స్ లేదు, మళ్లీ రండి" అంటే రేపు మళ్లీ వెళ్తాం. ఇక్కడ ఆ "రేపు" గడువు దాటిపోయి ఉండొచ్చు. అప్పుడు కేసు ఉండదు.

ఆ కవరు విప్పేది జడ్జి కాదు, రిజిస్ట్రీ. రిజిస్ట్రీలో దేశాల వారీగా లాయర్ల బృందాలుంటాయి. టర్కీ నుంచి వచ్చిన దరఖాస్తుని టర్కీ చట్టం చదివిన, టర్కిష్ భాష వచ్చిన లాయర్ చూస్తారు. ఇందులో పస లేదనిపిస్తే "సింగిల్ జడ్జి" దగ్గరికి పంపుతారు. ఒకే జడ్జి, కొట్టేస్తే అంతే, అప్పీలు లేదు. స్ట్రాస్‌బర్గ్‌కి వచ్చే దరఖాస్తుల్లో పెద్ద భాగం ఇలాగే ముగిసిపోతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఈ పాయింట్ దగ్గర నేను కూడా చాలాసేపు ఆగాను. సింగిల్ జడ్జి తన సొంత దేశం మీద వచ్చిన దరఖాస్తుని చూడకూడదు అని రూల్. న్యాయమైన రూలే, పక్షపాతం ఉండకూడదు కదా. కానీ దాని అర్థం ఏంటి? టర్కీ దరఖాస్తుని చూసే జడ్జి టర్కీ మనిషి అయ్యుండరు. చాలాసార్లు ఆ భాషే రాదు. మరి ఆ జడ్జి దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటారు? రిజిస్ట్రీ లాయర్ తయారుచేసిన నోట్ చూసి. 2010లో అమల్లోకి వచ్చిన ప్రోటోకాల్ 14 ఈ సంగతిని దాచకుండా ఒప్పేసుకుంది. సింగిల్ జడ్జికి సాయం చేయడానికి రిజిస్ట్రీలోనే అనుభవం ఉన్న లాయర్లని "రిపోర్టర్లు"గా పెట్టింది. ఇది విలేకరి ఉద్యోగం కాదు, కేసుని చదివి జడ్జికి నివేదించే బాధ్యత.

నిర్ణయం కాగితం మీద జడ్జిది. కళ్లు మాత్రం రిజిస్ట్రీవి. ఆ లాయర్ ఒక పేజీని సరిగ్గా చదవకపోతే? అందుకే వాళ్ల పైన సీనియర్లు, ఆ సీనియర్ల పైన డివిజన్ హెడ్‌లు, వాళ్ల పైన సెక్షన్ రిజిస్ట్రార్లు. ఈ అంచెలన్నీ ఊరికే జీతాలివ్వడానికి పెట్టినవి కావు.

చాలా ఏళ్లు ఈ సింగిల్ జడ్జి నిర్ణయం దరఖాస్తుదారుడికి ఒక చిన్న ఉత్తరంగా వెళ్లేది. "మీ దరఖాస్తు విచారణకి అర్హం కాదు" అని, దాదాపు ఒకే మూసలో. కారణం ఏంటో అర్థమయ్యేది కాదు. ఏళ్లు ఎదురుచూసిన మనిషికి అది ఎంత కడుపుమంటో మీరే ఊహించుకోండి. దాని మీద విమర్శలు గట్టిగా వచ్చాక, 2017 నుంచి జడ్జి సంతకంతో నిర్ణయం పంపడం, అందులో కొంతైనా కారణం చెప్పడం మొదలుపెట్టారు. ఇంకా క్లుప్తమే. కానీ మునుపటికన్నా నయం.

సెక్షన్ రిజిస్ట్రార్ అన్నాను కదా. కోర్టులో ఐదు సెక్షన్లు, ఒక్కోదానికి ఒక సెక్షన్ రిజిస్ట్రార్, కింద డిప్యూటీ. ఈ వారం ఏ కేసులు బెంచ్ ముందుకి వెళ్లాలి, ముసాయిదా తీర్పు సిద్ధమైందా, ఆ దేశ ప్రభుత్వం జవాబు పంపిందా, గడువు పొడిగించమని అడిగిందా, ఇవన్నీ వాళ్ల టేబుల్ మీదే. ఛాంబర్ అంటే ఏడుగురు జడ్జీలు. వాళ్లు చర్చిస్తుంటే పక్కన కూర్చుని, "ఇదే విషయం మీద మనం ఫలానా సంవత్సరం ఇలా అన్నాం" అని గుర్తుచేసే మనిషి కూడా వీళ్లే.

మన తహసీల్ ఆఫీసు చూడండి. తహసీల్దార్లు బదిలీ మీద వస్తుంటారు, పోతుంటారు. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో తెలిసింది మాత్రం ఇరవై ఏళ్లుగా అదే కుర్చీలో ఉన్న సీనియర్ అసిస్టెంటుకే. స్ట్రాస్‌బర్గ్‌లోనూ అంతే. జడ్జి తొమ్మిదేళ్లకి వెళ్లిపోతారు. రిజిస్ట్రీ సీనియర్లు ఇరవై, ముప్పై ఏళ్లు అక్కడే ఉంటారు. ఇది బలమే. ప్రమాదం కూడా. కొత్తగా వచ్చిన జడ్జి "మేం ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అన్న మాటకి ఎంతవరకు తలవంచాలి, ఎక్కడ ఎదురు ప్రశ్న వేయాలి అన్నది అక్కడ ఎప్పటికీ తెగని చర్చ.

ఇంకో పోస్టు ఉంది, పేరు వినగానే నవ్వొస్తుంది: జురిస్‌కన్సల్ట్. ఐదు సెక్షన్లు విడివిడిగా తీర్పులిస్తే ఏమవుతుంది? ఒకే ప్రశ్నకి ఒక సెక్షన్ అవునని, ఇంకో సెక్షన్ కాదని చెప్పే ప్రమాదం ఉంటుంది. అప్పుడు ఏథెన్స్‌లో కింది కోర్టు జడ్జి దేన్ని పాటించాలి? ఆ గందరగోళం రాకుండా ముసాయిదాలు చూసి "ఇది పాత తీర్పుతో పొసగట్లేదు" అని హెచ్చరించడమే జురిస్‌కన్సల్ట్ పని. కోర్టు నియమాల్లోనే ఈ పదవికి విడిగా ఒక నియమం ఉంది. ఆయన చెప్పింది సలహా మాత్రమే, జడ్జీలు కాదనొచ్చు. కానీ అలా కాదనాలంటే ఎందుకో తెలిసి కాదనాలి.

ఇప్పుడు అసలు పరీక్ష ఎక్కడొచ్చిందో చెప్తా. 2011లో పెండింగ్ దరఖాస్తులు 1,60,000 దాటాయి. కోర్టు మునిగిపోతోంది అన్నారు అందరూ. అప్పుడు రిజిస్ట్రార్ స్వీడన్‌కి చెందిన ఎరిక్ ఫ్రీబెర్గ్. ఫిల్టరింగ్ సెక్షన్ అని ఒకటి పెట్టి, ఎక్కువ దరఖాస్తులు వస్తున్న ఐదు దేశాల లాయర్లని ఒకచోట చేర్చారు: రష్యా, టర్కీ, రొమేనియా, యుక్రెయిన్, పోలండ్. ముందు వచ్చింది ముందు అనే వరస అప్పటికే 2009లో మారిపోయింది. ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పు ఉన్న కేసులు ముందు, మిగతావి తర్వాత. 2017 చివరికి పెండింగ్ 56,000 దగ్గరికి వచ్చింది. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో పెట్టాల్సినంత విజయం అనిపిస్తుంది కదూ?

అంత తొందరొద్దు. ఆ 2017లో జరిగిన ఒక సంగతి వినండి. యుక్రెయిన్‌లో ఒక విచిత్రమైన సమస్య ఉండేది. అక్కడి కోర్టులు "ఈయనకి ప్రభుత్వం ఇంత డబ్బు ఇవ్వాలి" అని తీర్పు ఇచ్చేవి, ప్రభుత్వం ఇచ్చేది కాదు. ఇవానోవ్ అని ఒక రిటైర్డ్ సైనికుడు, పదవీ విరమణ సొమ్ము, యూనిఫాం బకాయి రాకపోతే స్ట్రాస్‌బర్గ్‌కి వెళ్లారు. 2009లో గెలిచారు. ఇది ఒక్కరి సమస్య కాదు, వ్యవస్థనే మార్చండి అని కోర్టు యుక్రెయిన్‌కి చెప్పింది. మారలేదు. అవే కేసులు వేలల్లో వస్తూనే ఉన్నాయి. చివరికి 2017 అక్టోబర్ 12న, బుర్మిచ్ కేసులో, గ్రాండ్ ఛాంబర్ ఏం చేసిందంటే, అలాంటి 12,143 దరఖాస్తులని ఒక్క దెబ్బతో జాబితా నుంచి తీసేసింది. "మేం చెప్పాల్సింది ఇవానోవ్ కేసులోనే చెప్పేశాం, ఇక అమలు చూసుకోవాల్సింది ప్రభుత్వాల ప్రతినిధులుండే మంత్రుల కమిటీ" అంది. 10 మంది ఔనన్నారు, ఏడుగురు కాదన్నారు. ఆ ఏడుగురు చాలా ఘాటుగా రాశారు. ఇది చట్టాన్ని వ్యాఖ్యానించడం కాదు, కోర్టు తన పని తగ్గించుకునే విధాన నిర్ణయం అన్న అర్థంలో.

నా అభిప్రాయం అడిగితే, రెండు వైపులా నిజం ఉంది, కానీ నా మనసు ఆ ఏడుగురి వైపే మొగ్గుతుంది. గ్రాఫ్‌లో గీత కిందికి దిగింది. ఆ 12,143 మందిలో పెన్షన్ డబ్బుల కోసం ఎదురుచూసే ముసలమ్మ ఇంటికి మాత్రం పైసా రాలేదు. అదే సమయంలో, ఆ వేల కేసులని ఒక్కొక్కటిగా చూస్తూ కూర్చుంటే, జైల్లో మందుల్లేక చచ్చిపోతున్న ఇంకో మనిషి ఫైలు అడుగున పడిపోతుంది. సీనియర్ లీగల్ మేనేజర్ అంటే ఈ రెండు ఫైళ్లనీ ఒకేసారి చేతిలో పట్టుకునే ఉద్యోగం.

ఇంకో రాత్రి గురించి చెప్పాలి. 2022 జూన్ 14. శరణు కోరి వచ్చినవాళ్లని రువాండా పంపే మొదటి విమానం బ్రిటన్‌లోని బోస్కోంబ్ డౌన్ అనే సైనిక ఎయిర్‌ఫీల్డ్‌లో సిద్ధంగా ఉంది. ఆ సాయంత్రం ఒక ఇరాక్ వ్యక్తి విషయంలో స్ట్రాస్‌బర్గ్ నుంచి తాత్కాలిక ఆదేశం వచ్చింది: ఇప్పుడే పంపొద్దు. చివరికి విమానం ఎగరలేదు. దీన్ని రూల్ 39 అంటారు. నిర్ణయం జడ్జిది. కానీ ఆ అభ్యర్థనని అందుకుని, కాగితాలు చూసి, గంటల్లో జడ్జి ముందు పెట్టేది రిజిస్ట్రీలో దీనికోసమే ఉన్న బృందం. బ్రిటన్‌లో గొడవ మామూలుగా జరగలేదు. ఎవరా జడ్జి, పేరెందుకు చెప్పరు అన్నారు. ఆ విమర్శలో న్యాయం ఉందని కోర్టు కూడా ఒప్పుకున్నట్టే అయ్యింది. తర్వాత నియమాలు మార్చి, జడ్జి పేరు చెప్పే పద్ధతి పెట్టారు.

లా చదివే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మేం అక్కడ చేరొచ్చా?" సూటిగా చెప్తా, ఆశ పెట్టను. రిజిస్ట్రీ లాయర్ ఉద్యోగాలు కౌన్సిల్ ఆఫ్ యూరప్ సభ్యదేశాల పౌరులకే. పైగా ఆ దేశంలో లా డిగ్రీ, ఆ దేశ చట్టం మీద పట్టు, ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ బాగా వచ్చి రెండోది కూడా నడవాలి. భారత పాస్‌పోర్టుతో హైదరాబాద్‌లో ఎల్ఎల్‌బీ చేసినవాళ్లకి ఆ తలుపు తెరుచుకోదు. లండన్‌లోనో లెస్టర్‌లోనో పుట్టి పెరిగిన తెలుగువాళ్ల పిల్లలకి మాత్రం నిజంగా అవకాశం ఉంది, బ్రిటన్ ఇంకా సభ్యదేశమే కాబట్టి. మరి మనకో? హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఐక్యరాజ్యసమితిది, ఇండియా అందులో సభ్యదేశం, అక్కడా రిజిస్ట్రీ ఉంది. ఆ దారి చూడండి. ఆసియాకి మాత్రం ఇలాంటి ప్రాంతీయ మానవ హక్కుల కోర్టే లేదు.

ఇంకొక్కటి, యూరప్‌లో ఉండి ఇది చూస్తున్నవాళ్ల కోసం. మీకో, మీ రూమ్మేట్‌కో నిజంగా అలాంటి కేసు ఉంటే, ముందు ఆ దేశం కోర్టుల్లో చివరిదాకా వెళ్లాలి. చివరి నిర్ణయం చేతికొచ్చిన తేదీని అదే రోజు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. దరఖాస్తు ఫారంని కోర్టు సొంత సైట్ నుంచే, ఆ రోజున్న తాజా వెర్షన్‌నే దించుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన పాత పీడీఎఫ్ వాడొద్దు. ప్రతి గడీ నింపండి. పంపే ముందు అన్నిటికీ ఫోటోలు తీసి పెట్టుకోండి, ఎందుకంటే సింగిల్ జడ్జి కొట్టేసిన ఫైళ్లని ఏడాది తర్వాత కోర్టు ధ్వంసం చేస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కోస్టారికా వెళ్దాం, అక్కడ శాన్ హోసేలో ఉన్న ఇంటర్-అమెరికన్ కోర్టు గురించి. ఉంటా మరి, బై.